సంబంధం చూడటానికి మద్రాసుకు, పొద్దున పోయి సాయంత్రానికి

ఆ రోజు బుధవారం. బైబిలు వాక్యం చదువుకుని లేచేసరికి కరుణ వంటింట్లో క్యారేజీ కట్టుకుంటోంది. కొంగు నడుముకు దోపుకుని, ఒక చేత్తో టీ తాగుతూ, ఇంకో చేత్తో వంకాయ కూర గిన్నెకు మూత వెతుకుతోంది. కరుణ నా ఆఖరి చెల్లెలు. నలభై రెండేళ్లు. భర్త పోయినప్పటి నుంచి, ఎనిమిదేళ్లుగా, మార్కాపురంలో నా దగ్గరే ఉంటూ ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతోంది. నేను పెళ్లి చేసుకోలేదు. ఇద్దరం, రెండు గదుల ఇల్లు. కుళాయి వచ్చే వేళయింది కాబట్టి బిందె తీసుకుని బయటికి పోతూ అడిగాను.

"మద్రాసు వాళ్లకు ఏం చెప్పమంటావు పాపా?"

"బడికి టైమయింది పెద్దక్కా. పొద్దున్నే అదేంది?"

"మన రత్నం రోజూ ఫోన్ చేసి అడుగుతున్నాడు."

మూత దొరికింది. క్యారేజీ బిగించి అప్పుడు నా వైపు చూసింది. "ఆ మద్రాసాయన సంగతి కాదక్కా. ఆయనకు కూతురుంది. ఆ పిల్లకు ఇష్టం లేకుంటే ఈ మాటే వద్దు. ఫోన్లో కాదు, పోయి చూస్తా." అంతే, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. మా ప్రయాణం అక్కడ మొదలైంది.

ఆయన పేరు శామ్యూల్. పెద్దలది ముండ్లమూరు వైపు. తండ్రి కాలంలోనే మద్రాసు చేరారు. హార్బరులో క్రేన్ నడుపుతారు. భార్య పోయి నాలుగేళ్లయింది. కూతురు షారోన్ ప్లస్ వన్, అంటే మన ఇంటర్ మొదటి ఏడు, చదువుతోంది. మేం రైల్లో పోతే ఒక రాత్రి అక్కడ ఉండక తప్పదు. మాట కుదరకముందు ఆ ఇంట్లో పడుకోవడం, చేయి కడిగి అన్నం తినడం మా ఇళ్లలో లేదు. లాడ్జిలో దిగుదామంటే వాళ్లు నొచ్చుకుంటారు. పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి వచ్చేటట్లు విమానం చూడమని నా తమ్ముడు రత్నానికి చెప్పాను. గిద్దలూరులో టైర్ల దుకాణం వాడిది. నెల ముందే కొన్నందువల్ల రానుపోను మనిషికి ఏడు వేల చిల్లర పడింది. కారు కిరాయి వేరు.

నెల తర్వాత ఒక శనివారం తెల్లవారుజామున నాలుగింటికి ప్రార్థన చేసుకుని బయలుదేరాం. వినుకొండ, నరసరావుపేట, గుంటూరు మీదుగా గన్నవరం నాలుగున్నర గంటల దారి. రోడ్డు బాగుంది. డ్రైవర్ మస్తాన్ మా వీధివాడే. "అక్కా, పొద్దున పోయి సాయంత్రం వచ్చేస్తారా? నేను కారులో పొదిలి పోయొచ్చినట్ల చెప్తుండారే!" అన్నాడు. విమానాశ్రయంలో లోపలి తనిఖీ అయ్యాక కుర్చీల్లో కూర్చుని ఇంటి నుంచి తెచ్చిన పులిహోర తిన్నాం. పొడి తిండి తేవచ్చు, ఎవరూ వద్దనలేదు. ఆ ఇంట్లో తినం కాబట్టి కడుపు నిండా తినమని రత్నం ఇద్దరికీ మళ్లీ మళ్లీ చెప్పాడు.

నాకూ కరుణకూ విమానం ఎక్కడం అదే మొదలు. రెక్కల ముందు పంకాలు తిరిగే చిన్న విమానం. రత్నం అంతకుముందు ఒక్కసారి ఎక్కి ఉన్నాడు. బెల్టు ఇట్ల పెట్టాలి, చెవులు అట్ల మూసుకోవాలి అని ఆపకుండా చెబుతున్నాడు.

"ఒక్కసారి ఎక్కి పైలెట్ మాదిరి చెప్తుండావు, ఊరుకో అన్నా," అంది కరుణ.

పైకి లేచేటప్పుడు మాత్రం వాడే కళ్లు మూసుకున్నాడు. కృష్ణ సన్నని తెల్లటి పాయగా కనిపించింది. గంటంబావు లోపల చెన్నైలో దిగాం. విమానాశ్రయం నుంచే మెట్రో ఉంది, టికెట్ యాభైకి అటూఇటూ. ముప్పావు గంటలో వాషర్‌మన్‌పేట చేరాం. టాక్సీ అయితే ఎండలో, రద్దీలో చాలా సేపు పట్టేదట. మెట్రో మెట్ల దగ్గర శామ్యూల్ గారు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు. తక్కువ మాట్లాడే మనిషి. నాకు నచ్చారు.

ఇల్లు ఇరుకు సందులో, మొదటి అంతస్తు. షారోన్ తలుపు తీసి, వందనాలు చెప్పి, వెంటనే వంటింట్లోకి పోయింది. కరుణ కళ్లు ఆ తలుపు మీదే ఉన్నాయి. పది నిమిషాలు ఊరి వాళ్ల యోగక్షేమాలు అడిగాక శామ్యూల్ గారు భోజనానికి లేవమన్నారు. పిల్ల అప్పటికే చాప పరిచి కంచాలు పెట్టింది.

"భోజనం వద్దండి," అన్నాడు రత్నం. "మాట కుదిరేదాకా మేం చేయి కడగం. ఏమీ అనుకోవద్దు."

ఆయన తలాడించారు. ఆ పద్ధతి ఆయనకు తెలుసు. గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడిన పిల్లకు తెలియదు. ఒక్కొక్క కంచమే తీసుకుని లోపలికి పోయింది. కరుణ లేచి వెనకే వెళ్లింది. ఇంట్లో ఎంత చిన్న మాటైనా వినబడుతుంది.

"గిన్నెలన్నీ ఎందుకు మూసేస్తున్నావమ్మా?"

"నేను నచ్చలేదు కదా ఆంటీ మీకు. వచ్చి కాసేపు కూడా కాలేదు, అప్పుడే వద్దన్నారు."

"అయ్యో, నిన్ను కాదు తల్లీ. అది మా ఊళ్ల పద్ధతి."

"మరి నేను చీకటితోనే లేచి వండాను. నాన్న హోటల్ నుంచి తెస్తానంటే నేనే వద్దన్నాను. మొదట పెట్టిన సాంబారు మాడితే మళ్లీ పెట్టాను." ఇంకో గిన్నె మీద మూత పడింది. తర్వాత, "మిమ్మల్ని రమ్మనమని చెప్పిందే నేను ఆంటీ. నాన్న డ్యూటీకి పోతే ఈ ఇంట్లో నాతో మాట్లాడేవాళ్లు లేరు."

ఆ తర్వాత కుళాయి తిప్పిన చప్పుడు. కరుణ తడి చేతులతో బయటికి వచ్చి చాప మీద కూర్చుంది.

రత్నం నా వైపు వంగాడు. "పెద్దక్కా, అది చేయి కడిగింది!"

"చూసినా. నువ్వూ కడుక్కో."

"నాయన ఉంటే ఏమనేవాడు?"

"నాయన ఉంటే ఆకలేసి అందరికంటే ముందే కూర్చునేవాడు."

నేను ప్రార్థన చేశాను. సాంబారులో ఉప్పు కొంచెం ఎక్కువైంది. కరుణ రెండుసార్లు వేయించుకుంది. పిల్ల మా ఎదురుగా కూర్చుని, బడి గురించి, మేడ మీది పిల్లి గురించి, తండ్రి గురక గురించి చెబుతూనే ఉంది. నాలుగున్నర ఎప్పుడయిందో తెలియలేదు.

ఆరున్నర విమానానికి పరుగు పరుగున చేరాం. ఇలాంటి పని మీద పోయేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. తిరుగు ప్రయాణానికి ఆ రోజు ఆఖరి విమానమే తీసుకోండి. కాఫీ తాగి లేచి వచ్చేస్తామని లెక్క వేసుకోవద్దు. విమానం మనల్ని గంటలో చేరుస్తుంది గానీ ఒక ఇంటిని చూడటానికి ఎప్పుడూ పట్టే సమయమే పడుతుంది. ఆ సమయం మాకు దొరికింది. దేవునికి స్తోత్రం.

గన్నవరంలో దిగాక మస్తాన్ రోడ్డు పక్క హోటల్ దగ్గర కారు ఆపాడు. ఇడ్లీ వచ్చేలోపు రత్నం అడిగాడు, "అన్నం తిని వచ్చినాం. ఇంక మాట కుదిరినట్లే గదా?"

"నాకు ఇష్టమే," అంది కరుణ. "మనం వాళ్ల ఇల్లు చూసినాం. ఆ పిల్ల మన ఇల్లు చూడలేదు, మనం ఎట్లాంటి వాళ్లమో చూడలేదు. తనతో ఇప్పుడే సరేననిపిస్తే ఎట్ల?" తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు ఒక్కదానివే అవుతావు పెద్దక్కా."

"నా కోసం ఆగొద్దు," అన్నాను. ఆ మాట నిజంగానే అన్నాను.

టీ తాగుతూ ముగ్గురం నిర్ణయించుకున్నాం. దసరా సెలవుల్లో తండ్రీ కూతుళ్లు మార్కాపురం వచ్చి మాతో నాలుగు రోజులు ఉండాలి. అప్పుడు షారోన్ సరేనంటే, బడి పరీక్షలు అయ్యాక మే నెలలో మా చర్చిలోనే పెళ్లి. వద్దంటే, ఎందుకని ఆ పిల్లను ఎవరూ అడగకూడదు.