చోడారం, వడ్డాది, మాడుగుల

ఆ రోజుల్లో మా చోడవరం (మా వైపు నోళ్ళలో అది చోడారం) చుట్టుపక్కల మొగుళ్ళకు పేర్లుండేవి కావు. ఉండేవనుకోండి, కానీ అవి బడి రిజిస్టర్లోనూ, పొలం పాసుపుస్తకంలోనూ, పెళ్ళి శుభలేఖలోనూ మాత్రమే పనికొచ్చేవి. పెళ్ళాం నోట ఆ పేరు రావడమన్నది జరిగే పని కాదు. రేషన్ కార్డు రాసే గుమస్తా "మీ ఆయన పేరేంటమ్మా?" అని అడిగితే, ఆ మనిషి పక్కనున్నావిడ్ని మోచేత్తో పొడిచి "నువ్ సెప్పవే" అనేది. ఆవిడ చెప్పేది. తన వంతు వచ్చినప్పుడు తను పొడిచేది. మొగుడి పేరు పలికితే ఆయనకు ఆయుష్షు తగ్గిపోతుందని నమ్మకం. (పలకనందువల్ల మా వైపు మొగుళ్ళెవరూ నూరేళ్ళు బతికినట్టు నేను చూడలేదు. ఆ మాట మా ఇంట్లో పైకి అనే ధైర్యం మాత్రం నాకు ఇప్పటికీ లేదు.)

నేను ఇలాంటివాటికి అతీతుణ్ణని నా నమ్మకం. కొత్తగా సోషల్ మాస్టారి ఉద్యోగం వచ్చింది, కొత్తగా పెళ్ళయింది. ఈ రెండూ ఒకే ఏడాదిలో జరిగితే మనిషి నేల మీద నడవడు. మా ఆవిడది వడ్డాది పక్క పల్లె, చెరకు తోటల మధ్య పెరిగిన మనిషి. పెళ్ళైన దగ్గర్నుంచీ నాతో మాట్లాడేది గానీ, నన్ను పిలిచేది కాదు. నేను పెరట్లో ఉంటే గిన్నె కింద పెట్టి చప్పుడు చేసేది. వీధిలో ఉంటే తలుపు గొళ్ళెం ఆడించేది. మరీ ప్రాణం మీదికొస్తే "ఇదిగో" అనేది. అలా నేను గొళ్ళెం చప్పుడుకి పలికే మనిషినైపోయాను. నవ్వులాటకి అంటున్నాను గానీ, నాకది లోపల నిజంగా బాధగా ఉండేది. ఆ పిల్ల నన్ను ఇష్టపడి చేసుకుందో, వాళ్ళ నాన్న చేసుకోమన్నాడని చేసుకుందో నాకు తెలియదు. ఒక్కసారి ఆ నోట నా పేరు వింటే ఆ సంగతేదో తేలిపోతుందని, ఎందుకో తెలియదు, నాకు గట్టిగా అనిపించేది.

దసరా సెలవులూ రంజాన్ నెలా కలిసొచ్చిన ఆ సంవత్సరం ఇద్దరం హైదరాబాద్ బయల్దేరాం. అక్కడ నాంపల్లిలో మా అక్కా బావా ఉండేవారు. రైలు అనకాపల్లి దాటగానే నా మనసులో ఉన్నది బయటపెట్టాను. "అక్కడ మనల్ని ఎరిగినవాళ్ళు ఒక్కరూ ఉండరు. ఆ ఊళ్ళోనైనా నన్ను పేరు పెట్టి పిలు" అన్నాను. ఆవిడ కిటికీలోంచి చూపు తిప్పకుండా, "ఎరిగినోలు లేకపోతే ఆయుష్షు తగ్గదేటి?" అంది.

మర్నాడు పొద్దున్నే ఊరు చూడ్డానికి తయారయ్యాం. నాకో సిద్ధాంతం ఉండేది: ఊరన్నది కాళ్ళతో చూడాలి, బస్సులో కూర్చుంటే కిటికీ కనిపిస్తుంది గానీ ఊరు కనిపించదు. ఇది విని మా బావ పళ్ళు తోముకుంటున్నవాడల్లా ఆగిపోయాడు. "ఒరే బాబూ, ఇది చోడారం కాదురా, ఈ చివర్నించి ఆ చివరికి ఓ బీడీ కాల్చుకుంటూ ఎలిపోడానికి. ఆ పెళ్ళికూతురు గుంటని నడిపించి సంపకు. ఆటో ఎక్కండి" అన్నాడు. నేను మాస్టార్ని కదా, ఒకరు చెబితే వింటానా. బావ తన సెల్‌ఫోన్ నంబరు చీటీ మీద రాసిస్తే చొక్కా జేబులో పెట్టుకుని (నా జేబులో, గమనించండి, ఆవిడకి ఇవ్వలేదు) నడక మొదలెట్టాను.

నడిచాం. అబిడ్స్ నడిచాం, కోఠీ నడిచాం. నేను ముందు, ఆవిడ నాలుగడుగులు వెనక. "పక్కన నడువే" అంటే "నలుగురూ సూత్తారు" అనేది. ఆ నలుగురికీ మమ్మల్ని చూసే తీరిక లేదన్న సంగతి ఎంత చెప్పినా ఎక్కలేదు. ఓ హోటల్లో ఇరానీ చాయ్ తాగి "ఏటిది, పాయసంలాగుంది" అంది. చెరకు గట్ల మీద రోజంతా తిరిగినా అలవని మనిషికి, కొత్త చెప్పులు కరిచి మడమ దగ్గర బొబ్బ లేచింది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడవసాగింది. మూసీ వంతెన మీద వెనక్కి తిరిగినప్పుడు గానీ నేను చూడలేదు. "ఆటో ఎక్కుదామా?" అంటే, "మీరు కాళ్ళతోనే సూడాలన్నారు కదా, సూత్తన్నాను" అంది. అందులో ఎగతాళి ఉందో లేదో అప్పుడు నాకు తెలియలేదు. ఉందని ఇప్పుడు తెలుసు.

ఏటి ఒడ్డున మ్యూజియంలో ఓ పెద్ద గడియారం ఉంది. గంట అయ్యేసరికి దాని లోపల్నుంచి చిన్న బొమ్మ మనిషి బయటికొచ్చి గంట కొట్టి మళ్ళీ లోపలికి పోతాడు. దాని ముందు జనమంతా బెంచీల మీద కూర్చుని నోళ్ళు తెరుచుకుని ఎదురుచూశారు, మేమూ చూశాం. బొమ్మ బయటికి రాగానే మా ఆవిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి నవ్వింది. పెళ్ళయ్యాక ఆవిడ అంత నవ్వు నవ్వడం అదే మొదలు. ఇదే సమయమనుకుని చెవి దగ్గర, "ఇప్పుడు పిలు, ఒక్కసారి" అన్నాను. "ఊరుకోండి, గంట కొడతన్నాడు" అంది. ఓ చెక్కబొమ్మ ముందు నా పరువు అలా పోయింది.

చార్మినార్ చేరేసరికి పొద్దు వాలింది. ఉపవాసాలు విడిచే వేళ. దారంతా పళ్ళ బళ్ళు, కబాబుల పొగ, గాజుల దుకాణాల దీపాలు. తీర్థం రోజున, అదే జాతర రోజున కూడా మా వైపు అంత జనాన్ని చూసి ఎరగం. ఓ మూల పోలీసులు పందిరేసి, తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో చెబుతున్నారు. నేను చేతులు వెనక్కి కట్టుకుని, ఆ కట్టడం గురించీ, ఊరు కట్టించిన రాజు గురించీ, మూసీ వరదల గురించీ ఎనిమిదో తరగతికి చెప్పినట్టు చెప్పుకుంటూ నడిచాను. వెనక నుంచి ఒక్క ప్రశ్న కూడా లేదు. క్లాసులోనూ అంతే కాబట్టి నాకు అనుమానం రాలేదు. చివరికి "అర్థమైందా?" అని వెనక్కి తిరిగితే, అక్కడున్నది నెత్తి మీద జామకాయల బుట్టతో ఓ ముసలమ్మ. పాపం, కాయలు కొంటాననుకుని నా వెంట వస్తోంది.

వచ్చిన దారినే వెనక్కి పరిగెత్తాను. ఆవిడ పేరు పెట్టి అరిచాను. (పేరు ఇక్కడ రాయను. రాస్తే ఈ పూట నాకు అన్నం పుట్టదు.) బేరాల గోలలో నా గొంతు నాకే వినపడలేదు. అడ్రసు ఆవిడకి తెలియదు, ఫోన్ నంబరు నా జేబులో ఉంది, కాలికి చెప్పుల్లేవు. హిందీ సంగతి సరే, ఆవిడ మాట్లాడే తెలుగు కూడా ఆ ఊరికి కొత్త. గాజుల దుకాణాలన్నీ ఒక్కలాగే కనిపించాయి. ఓ ఎర్ర చీర చూసి పరిగెత్తాను, ఆవిడ కాదు. మరో ఎర్ర చీర, కాదు. రేపు వడ్డాది వెళ్ళి మామగారి ముందు నిలబడి ఏం చెప్పాలి? మీ అమ్మాయిని నడిపించి నడిపించి పోగొట్టానని చెప్పాలా? కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పేరూ వద్దు, ఏమీ వద్దు, గొళ్ళెం చప్పుడు వినిపిస్తే చాలని దణ్ణం పెట్టుకున్నాను.

అప్పుడు వినిపించింది. నెత్తి మీది మైకులోంచి, వణుకుతూ ఓ ఆడగొంతు.

"చోడారం... చోడారం... చోడారం!"

మా వైపువాళ్ళకి ఆ పిలుపు సంగతి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. అనకాపల్లి బస్టాండులో కండక్టరు బస్సు మెట్టు మీద నిలబడి సరిగ్గా ఆ రాగంలోనే పిలుస్తాడు. ఆ పిలుపు చెవిన పడితే మనిషి ఆలోచించడు. పరిగెత్తి కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు ఆపుకుంటాడు. నా కాళ్ళు వాటంతటవే పందిరి వైపు పరిగెత్తాయి. మైకులో గొంతు ధైర్యం తెచ్చుకుని, అలవాటు కొద్దీ మిగతా దారి కూడా చెప్పేసింది: "చోడారం, వడ్డాది, మాడుగుల! చోడారం, వడ్డాది, మాడుగుల! బేగి రావాలి, బేగి రావాలి!"

పందిరి కింద స్టూలు మీద నిలబడి ఉంది మా ఆవిడ, ఓ చేత్తో మైకు, ఓ చేత్తో చెప్పులు. పక్కన కానిస్టేబుల్ తల పట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే, "మీ పేరేంది సార్? ఎంతసేపటి సంది అడుగుతున్న, చెప్తలేదు. మొగుని పేరు చెప్పదట! నువ్వే పిలుచుకో తల్లీ అని మైకు ఇచ్చిన" అన్నాడు. నేను జవాబు చెప్పేలోగా, సిమెంటు మరకల లుంగీతో ఓ మనిషి సంచీ చంకన పెట్టుకుని రొప్పుతూ వచ్చాడు. "బస్సేదమ్మా? మన బస్సు ఈ ఊరికి ఎప్పుడేసేరు?" అన్నాడు. మా వైపే చీడికాడ నుంచి వచ్చి అక్కడ తాపీపని చేస్తున్నాడట. బస్సు లేదని చెబితే చంకలోని సంచీ కిందికి దించాడు. "పోన్లెండి బాబూ, పిలుపైనా ఇన్నాను" అని, మమ్మల్ని ఆటో ఎక్కించి మరీ వెళ్ళాడు. ఆ మనిషి మొహం నేను మరిచిపోలేదు.

ఆటోలో ఆవిడ అప్పుడు ఏడ్చింది. కళ్ళు తుడుచుకోమని చెయ్యి చాపితే, అప్పుడు చూసుకున్నాను, నా చేతిలో కర్చీఫ్ ఉంది. జేబులోంచి ఎప్పుడు తీశానో, ఏ సీటు మీద వేద్దామనుకున్నానో నాకు తెలియదు. "అంత భయపడ్డావు కదా, పేరు చెప్పేస్తే పోయేది కదే" అన్నాను.

"సెప్పేస్తే మీకేటైనా అవుద్దని ఇంకా బయమేసింది" అంది. "ఇంత ఊళ్ళో నాకున్నది మీరొక్కరే. ఆ ఒక్కరికీ ఆయుష్షు తగ్గించుకుంతానేటి?"

నేను తెలుసుకోవాలనుకున్నది తెలిసిపోయింది. పేరు సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. ఆ దసరా నుంచీ ఇంట్లో నా పేరు చోడారం.

కిందటేడు విశాఖపట్నంలో నాకు కడుపులో ఓ ఆపరేషన్ జరిగింది. మత్తు దిగాల్సిన వేళకి దిగలేదట. "పేరు పెట్టి గట్టిగా పిలవండమ్మా, లేస్తారు" అని నర్సమ్మాయి చెబుతోంది. ఎక్కడో దూరం నుంచి నాకు ఆ మాటలు వినిపిస్తున్నాయి. "ఇప్పుడా? ఇప్పుడెలా పిలుత్తానమ్మా!" అంది మా ఆవిడ, గొంతులో అప్పటి వణుకే. తర్వాత నా చెవి పక్కనే, చాలా మెల్లగా, "చోడారం... చోడారం..." అని మొదలైంది.

నా చెయ్యి కదిలిందట. పక్కన తడుముతోందట. "ఏం కావాలి సార్?" అని నర్సమ్మాయి అడిగితే ఏదో గొణిగానట. అది కర్చీఫ్ కోసమని ఆ అమ్మాయికేం తెలుసు? ఆసుపత్రివాళ్ళు తొడిగిన గౌనుకి జేబు కూడా లేదు. జుట్టు నెరిసి, పొట్టకి కుట్లు పడి, సీటు కోసం తాపత్రయపడుతున్న ఆ మాస్టార్ని తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది.

మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"కంగారు పడకండి, సీటు నాను ఆపేను. మెల్లగా రండి" అంది.

కళ్ళు తెరిచాను.