ఆ గదిలో కిరాయికి ఉన్నదెవరు?

పాల్వంచలో నాకో రేకుల గది ఉండేది. బయట వాన ఆగినా లోపల ఇంకో రెండు రోజులు కురిసేది. కిరాయి నెలనెలా ఎదురుగా ఉన్న పాన్‌డబ్బాలో అందేది కాబట్టి నేనా గడప తొక్కి చాలా కాలమైంది. రేకులు తీసి స్లాబు వేద్దామని బ్యాంకులో లోను అడిగాను. కిరాయికి ఉన్న మనిషి సంతకం కావాలని ఆఫీసరు పొద్దున్నే నాతో ఆ గదికి వచ్చాడు. తలుపు తీసినాయన ఆవులిస్తూ సంతకం పెట్టాడు. మొహం కొత్తగా ఉంది. మీసం తీసేశాడేమో అనుకున్నాను.

ఇంకో కాగితం మీద సంతకం మరిచామని మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళాం. ఈసారి తలుపు తీసింది వేరే మనిషి.

“పొద్దున ఉన్నాయన ఏడి?” అన్నాడు ఆఫీసరు.

“ఆయనది నైట్ డ్యూటీ సార్, పొద్దుగాల పండుకొని ఇప్పుడే లేచి పోయిండు. నేను ఫస్ట్ షిఫ్ట్ దిగొచ్చి ఇప్పుడు పండుకుంట. రాత్రికి ఇంకొకాయన వస్తడు. మంచం ఒక్కటే కద!”

ఆఫీసరు నా వైపు తిరిగాడు. నేను తలుపు తీసినాయన వైపు తిరిగాను.

“తమ్మీ, నేను గది ఇచ్చింది మీ ముగ్గుర్ల ఎవరికి?” అని అతన్నే అడిగాను.

“ఎవ్వరికీ కాదు కాకా. మీరిచ్చినాయన మణుగూరు పోయి రెండేండ్లాయె.”

ఆఫీసరు పెన్నుకు క్యాప్ పెట్టేశాడు. “ముందు ఆయన్ని పట్టుకొని సంతకం తెండి. అప్పుడు చూద్దాం.”

వెంటనే మణుగూరు బస్సెక్కాను. సగం దారిలో తట్టింది, ఆ మనిషి మొహం ఎలా ఉంటుందో నాకు గుర్తే లేదని.