మంచులో వెనక్కి ఎక్కిన ఎర్ర కారు

ఈ ఉదయం లండన్ శివారు హారోలో కారు అద్దం మీద మంచు గీకుతుంటే అమ్మ ఎర్ర కారు గుర్తొచ్చింది. మన చిన్నప్పటి ఆ బుల్లి కార్లు గుర్తున్నాయా? హీటర్ వేస్తే చాలు, తడి కోట్ల వాసన!

నర్సుగా పనిచేసే అమ్మ ఓ మంచు రోజు మమ్మల్ని స్కూల్లో దింపి డ్యూటీకి వెళ్లాలని బయలుదేరింది. మా వీధి ఎత్తు ఎక్కుతుంటే చక్రాలు జారిపోయాయి.

"ఇవాళ మానెయ్యవే," అన్నారు ఇంటి ముందు నిలబడి చూస్తున్న, డ్రైవింగ్ రాని నాన్న.

"నైట్ డ్యూటీ వాళ్లు నాకోసం చూస్తుంటారండీ. ముందుకి ఎక్కకపోతే వెనక్కి ఎక్కిస్తా, బరువు కారుని లాగే ముందు చక్రాల మీద పడి జారదు," అంటూ అమ్మ కారు తిప్పి రివర్స్‌లో పోనిచ్చింది.

వెనక అద్దంలోంచి చూస్తూ చెల్లీ నేనూ, "లెఫ్ట్ మమ్మీ, లెఫ్ట్!" అని అరిచాం. కారు మెల్లగా పైకి చేరింది. అమ్మ స్టీరింగ్ మీద తల వాల్చి నవ్వేసింది.

నాన్న ఆయాసపడుతూ వచ్చి, కిటికీలోంచి ఆమె చల్లటి చేతులు పట్టుకుని, "నాకూ నేర్పవే," అన్నారు.