వెలుగులో మొహం వాటా

నేను చేసే పని ఏమిటో పెళ్లయిన కొత్తలో ఒకసారి మా మామగారికి చెప్పాను. ఇంకా కట్టని భవనాల్లో, ఇంకా బిగించని దీపాల నుంచి, ఏ మూలకు ఎంత వెలుగు వస్తుందో ముందే లెక్కగట్టి చెబుతానన్నాను. ఆయన ఎంతో శ్రద్ధగా విని, తర్వాత కూతుర్ని పక్కకు పిలిచి, "అబ్బాయి ఎలక్ట్రీషియనేనా, ఇంకేదైనానా?" అని అడిగారట.

"ఎలక్ట్రీషియనైతే బాగుండేది నాన్నా, కనీసం ఫ్యానైనా బాగుచేసేవారు" అందట మా ఆవిడ.

ఈ ముచ్చట నాకు చెప్పింది ఆవిడే. చుట్టాలు వచ్చినప్పుడల్లా వాళ్లకూ చెబుతుంది. ఆవిడ పళ్ల డాక్టరు దగ్గర సహాయకురాలు. రోగి నోట్లోకి సరిగ్గా పడేలా దీపం తిప్పి పట్టుకోవడం ఆవిడ రోజూ చేసే పని. కాబట్టి వెలుగు విషయంలో మా ఇంట్లో నా మాటకు పెద్దగా చెల్లుబాటు లేదు.

ఈ పనిలోకి నేను కలలు కని రాలేదు. ఒక ఆర్కిటెక్టు ఆఫీసులో ప్లాన్లు గీయడానికి చేరాను. నేను గీసిన మెట్ల మీద మనుషులు ఎక్కగలరు గానీ దిగలేరని అక్కడ పేరొచ్చింది. ఆఫీసు వెనకగదిలో ఒక పెద్ద కంప్యూటరు ఉండేది. అది పొయ్యిలా కాగుతూ, రొద పెడుతూ దీపాల లెక్కలు చేసేది. దాని పక్కన కూర్చోవడానికి ఎవరూ ఒప్పుకునేవారు కాదు. "ఎలాగూ నీ గీతల వల్ల మనకు ఒరిగేదేమీ లేదు, వెళ్లి దాని సంగతి చూడు" అన్నారు మేడమ్. మేడమ్ అంటే ఆర్కిటెక్టు, మా ఆఫీసు ఆవిడదే. అలా నేను దీపాల నిపుణుణ్ణయ్యాను. విజిటింగ్ కార్డు మీద ఆ మాట చూసి మా ఆవిడ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

ఆ లెక్క ఎలా చేస్తామో చెబుతాను. మామగారి కంటే మీకు ఓపిక ఎక్కువని నమ్ముతున్నాను.

ముందు కంప్యూటర్లో గది కడతాం. గోడలు, కిటికీలు, బల్లలు, దీపాలు అన్నీ పెడతాం. దీపం నుంచి బయల్దేరే ప్రతి కిరణం వెంటా పరిగెడితే ఈ జన్మ చాలదు. వాటిలో చాలావరకు ఎవరి కంటా పడకుండానే పోతాయి. అందుకని లెక్కను వెనక నుంచి మొదలుపెడతాం. చూసే కన్ను ఉండే చోటు నుంచే కిరణాన్ని బయటికి పంపుతాం. అది పోయి ఏ బల్లనో గోడనో తాకుతుంది. తాకిన చోట నిలబడి, "నువ్వు ఇక్కడికి ఎంత ఇస్తున్నావు? మధ్యలో ఏమైనా అడ్డముందా?" అని ఒక్కో దీపాన్నీ అడుగుతుంది. గోడల మీద పడి తిరిగొచ్చే వెలుగునీ, దీపాలు ఇచ్చిన వాటాలనూ కలిపితే అక్కడి వెలుగెంతో తేలుతుంది.

దీపాలు ఎక్కువైతే అన్నింటినీ అడగడానికి చాలా సమయం పడుతుంది. దానికి ప్రోగ్రాములో ఒక ఉపాయం ఉంది. ఎక్కువ ఇవ్వగలిగిన దీపాలను ముందు వరుసలో, తక్కువ ఇచ్చేవాటిని వెనక వరుసలో నిలబెడుతుంది. ముందువాటిని పేరుపేరునా అడుగుతుంది. మిగిలినవన్నీ కలిపినా లెక్క పెద్దగా మారదనిపించగానే ఆగి, వాటికి ఉజ్జాయింపుగా ఏదో ఒకటి వేసేస్తుంది. ఇంట్లో ఒక నిర్ణయం తీసుకోవాలంటే పెదనాన్ననూ మేనమామనూ అడిగేసి, మిగతావాళ్లు తలూపుతారులే అనుకోవడం లాంటిది ఇది. ఎక్కడ ఆగాలో చెప్పే అంకె నా చేతిలో ఉంటుంది. సాయంత్రం టీ వేళకు ఇంట్లో ఉండాలన్నది నా సిద్ధాంతం. కాబట్టి నా లెక్కల్లో చిన్న దీపాలకు నోరెత్తే అవకాశం ఉండేది కాదు.

ఇక మా అక్క గురించి. చిన్నప్పుడు, మాటలు బాగా వచ్చాక, జ్వరమొచ్చి తనకు వినికిడి పోయింది. మాట మాత్రం మిగిలింది. ఎదుటివాళ్ల పెదవులు చూసి వాళ్లు చెప్పేది పట్టేస్తుంది. ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. తప్పు కనబడితే వదలదు, కాగితం మీదైనా తమ్ముడిలోనైనా. మా ఇంట్లోనే పై అంతస్తులో ఉంటుంది. నేను ఏదైనా చెప్పడం మొదలుపెట్టగానే గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పుతుంది, లేదా భుజాలు పట్టుకుని దీపం కిందికి జరుపుతుంది. మా అక్క చేతిలో నేను బీరువా కంటే ఎక్కువసార్లు జరిగాను. అదంతా అక్కగారి పెత్తనం అనుకుని భరించానే తప్ప, ఎందుకు జరుపుతోందని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. వెలుగు నిపుణుణ్ణి మరి!

ఇలా ఉండగా మా ఆఫీసుకు ఒక బడి కట్టే పని వచ్చింది. చెవులు వినబడని పిల్లల బడి. ఆ తరగతి గదుల మీద నేను ప్రాణం పెట్టాను. టీ కూడా ఆలస్యంగా తాగాను. ప్రతి బల్ల మీదా ఎంత వెలుగు ఉండాలో అంతా వచ్చింది. ఎక్కడా ఎక్కువా లేదు, తక్కువా లేదు. నల్లబోర్డుకు దాని వాటా దానికి వచ్చింది. బోర్డు ఉన్న గోడలోనే, బోర్డు పక్కన నిలువెత్తు కిటికీ, అందులోంచి తోట. కంప్యూటరు గీసిచ్చిన ఆ గది బొమ్మ చూసి మేడమ్ "అద్భుతం" అన్నారు. ఆవిడ నోట ఆ మాట రావడం అరుదు. ఆ బొమ్మను పెద్దది చేయించి ఆఫీసు గోడకు తగిలించారు. నేను రోజూ అటు నుంచే వెళ్లి నీళ్లు తాగేవాణ్ణి. నీళ్ల కుండ ఇటువైపున ఉండేది.

అన్ని గదులూ పూర్తికాకముందు నమూనాగా ఒక్క గది పూర్తి చేశారు. అక్కకు చూపించాలని ముచ్చటపడ్డాను. మా ఆవిడ కూడా వస్తానంది, అక్క మెచ్చుకుంటే నేను పెట్టే మొహం చూడాలని.

ఇద్దరినీ పిల్లల కుర్చీల్లో కూర్చోబెట్టాను. టీచరు నిలబడే చోట, కిటికీకి వీపు పెట్టి నిలబడి, ఉపన్యాసం అందుకున్నాను. ఈ వెలుగు మామూలు వెలుగు కాదనీ, ప్రతి బల్లకూ కొలిచి పోసినట్టు వస్తుందనీ చెబుతున్నాను. అక్క కళ్లు చికిలించి చూస్తోంది.

"ఏమంటున్నావురా?" అంది.

మళ్లీ చెప్పాను. ఈసారి గట్టిగా. మా అక్కతో గట్టిగా మాట్లాడితే ఉపయోగం ఏమిటో నాకు పుట్టినప్పటి నుంచీ తెలియాలి. అయినా అరిచాను.

"నీకు మొహం లేదురా" అంది అక్క.

"ఏమిటి?"

"వెనకంతా ఎండ. ముందు నీ ఆకారం ఒక్కటే ఉంది, నల్లగా. పెదాలు కనబడటం లేదు. బల్ల మాత్రం బ్రహ్మాండంగా ఉందిలే, చెక్క మీద గీతలు కూడా లెక్కపెట్టొచ్చు."

మా ఆవిడ అక్క పక్కనే కూర్చుని చూసి, "నిజమేనండీ. మీరు ఇంత బాగా ఎప్పుడూ కనబడలేదు" అంది.

నేను ఊరుకోలేదు. సంచిలోంచి వెలుగు కొలిచే మీటరు తీసి బల్ల మీద పెట్టి అంకె చూపించాను. అక్క ఆ అంకెను చూసి, మీటరు తీసుకుని, నా ముక్కుకు ఆనించి పట్టుకుంది. అంకె కింద పడిపోయింది. అక్క మీటరు నా చేతిలో పెట్టింది. ప్రూఫులో తప్పు చుట్టూ సున్నా చుట్టి కాగితం వెనక్కిచ్చినట్టు.

ఇంటికొచ్చేదాకా నేను పెదవి విప్పలేదు. విప్పినా దారిలో చూసేవాళ్లు లేరు, వాళ్లిద్దరూ వెనక సీట్లో నవ్వుకుంటున్నారు.

మర్నాడు ఆఫీసులో లెక్క తెరిచాను. పాత పద్ధతిలోనే ఆలోచించి ముందు దీపాలన్నీ పెంచాను. బల్లలు ఇంకా వెలిగిపోయాయి. టీచరు మొహం ఎక్కడిదక్కడే ఉంది. అప్పుడు చేయవలసిన పని చేశాను. టీచరు మొహం ఉండే చోట, నిలువుగా, పిల్లల వైపు తిరిగి ఉన్న ఒక చుక్క పెట్టాను. ఉజ్జాయింపు మానేసి, అన్ని దీపాలనూ, కిటికీనీ, విడివిడిగా అడగమన్నాను. మొత్తం వెలుగు ఎంతని కాదు, ఎవరి వాటా ఎంతని. కంప్యూటరు బుసలు కొడుతూ కూర్చుంది. దాని పక్కన నేనూ కూర్చున్నాను, టీ లేకుండా.

వాటాలు వచ్చాక నా మొహం నిజంగానే మాడిపోయింది. నేను గర్వపడిన కిటికీ టీచరు వీపుకూ పిల్లల కళ్లకూ కావలసినంత ఇచ్చి, మొహానికి మాత్రం ఇవ్వలేదు. బోర్డు కోసం పెట్టిన దీపాలు టీచరు నడినెత్తిని వెలిగిస్తున్నాయి. నెత్తితో పాఠం చెప్పే టీచరైతే పరవాలేదు. మొహానికి పద్ధతిగా ఇస్తున్నవి గదికి అటూ ఇటూ గోడలకున్న చిన్న దీపాలు. నేను ఏనాడూ పలకరించకుండా ఉజ్జాయింపులో పడేసినవి. పాపం, ఉన్నదాంట్లోనే ఇస్తున్నాయి, కానీ దూరం నుంచి.

అక్కడి నుంచి పని సులువైంది. వాటాలు విడివిడిగా ఉన్నాయి కాబట్టి ఒక దీపాన్ని పెంచినా తగ్గించినా లెక్కంతా మొదటి నుంచి చేయనక్కరలేదు, దాని వాటాను మాత్రం ఆ మేరకు మారిస్తే చాలు. బోర్డును పక్క గోడకు మారిస్తే కిటికీ వెలుగు టీచరు చెంప మీదికి వస్తుంది. చిన్న దీపాలను కాస్త ముందుకు తెచ్చి ఆ రెండో చెంప వైపు తిప్పితే నీడ తగ్గుతుంది. ఇదంతా తేలాక అసలు కష్టమైన పని మిగిలింది, మేడమ్‌కు చెప్పడం.

ఆవిడ కాగితాలు చూసి, గోడ మీది బొమ్మ చూసి, నన్ను చూశారు.

"మొన్న ఇదే గది భేషుగ్గా ఉందన్నది నువ్వే కదా?"

"అప్పుడు బల్లల్ని అడిగానండీ."

"మరి ఇప్పుడు?"

"మా అక్కను అడిగాను."

మేడమ్ నవ్వలేదు. గోడల్లో అప్పటికే వైర్లు వేసేశారు, మేస్త్రీని ఒప్పించడం మామూలు విషయం కాదు. ఆవిడ కాసేపు పెన్ను బల్ల మీద కొట్టి, "మీ అక్కను నమూనా గదికి మళ్లీ తీసుకురా. నేనూ వస్తాను. ఈసారి నువ్వు ఉపన్యాసం ఇవ్వకు" అన్నారు.

తాత్కాలిక దీపాలను స్టాండ్లకు కట్టి, బోర్డును పక్క గోడకు ఆనించాం. నాకు స్విచ్చుల పని ఇచ్చారు. టీచరు చోట మా ఆవిడ నిలబడింది. గొంతు పైకి రాకుండా పెదవులు మాత్రమే కదిలిస్తూ మాట్లాడమన్నారు మేడమ్. మా ఆవిడ నా వైపు ఒకసారి చూసి మొదలుపెట్టింది. పిల్లల కుర్చీలో కూర్చున్న అక్క రెండో మాటకే ఫక్కున నవ్వింది. మా ఆవిడ చెబుతూనే ఉంది, అక్క పొట్ట పట్టుకుని నవ్వుతూనే ఉంది. నేను దీపం తగ్గిస్తే అక్క "పెంచరా, పెంచరా, మధ్యలో పోయింది!" అని కేకేసింది. పెంచాను. మళ్లీ నవ్వు.

"ఏమందే?" అన్నాను ఆఖరికి.

"వెలుగు బాగుందంది" అంది అక్క కళ్లు తుడుచుకుంటూ.

అంత పొడుగ్గా ఎలా అందో నాకు ఇప్పటిదాకా తెలియదు. ఇన్నేళ్లు అక్కతో ఒకే ఇంట్లో ఉండి పెదవులు చదవడం నేర్చుకోని మనిషికి తెలియాల్సిన అవసరం కూడా లేదేమో. మేడమ్ మాత్రం అక్కను చాలాసేపు అడిగారు. ఏ మూల నుంచి చూస్తే కష్టం, చేతులతో సైగలు చేసేటప్పుడు వెనక గోడ ఏ రంగులో ఉంటే వేళ్లు తెలుస్తాయి, ఇలాంటివి. ఇద్దరూ ఎదురెదురుగా, దీపం కింద కూర్చుని మాట్లాడుకున్నారు. అక్క మేడమ్‌ను కూడా గడ్డం పట్టుకుని తిప్పుతుందేమోనని నాకు భయమేసింది. తిప్పలేదు, కుర్చీ జరిపి ఊరుకుంది.

మిగతా గదులన్నింటిలో బోర్డు గోడ మారింది. మేస్త్రీ వారం రోజులు నాతో మాట్లాడలేదు. నమూనా గదిని భోజనాల గది చేశారు. బల్లల మీద వెలుగు అంత బాగా ఉన్న భోజనాల గది ఇంకెక్కడా ఉండదని ఘంటాపథంగా చెప్పగలను. ఆఫీసు గోడ మీది బొమ్మను మేడమే తీయించారు.

బడి తెరిచాక కొన్నాళ్లకు ప్రధానోపాధ్యాయురాలు ఫోన్ చేశారు.

"గదులు చాలా బాగున్నాయండీ. పిల్లలకు పెదవులు, చేతులు అన్నీ కనబడుతున్నాయి. కానీ ఒక ఇబ్బంది వచ్చింది."

"చెప్పండి."

"మా స్టాఫ్‌రూముకు వరండా వైపు అద్దాలున్నాయి కదా. లోపల మేం ఏం మాట్లాడుకున్నా పిల్లలు వరండాలో నిలబడి చదివేస్తున్నారు. నిన్న ఒక టీచరు అత్తగారి గురించి ఏదో అంది. సాయంత్రానికి బడంతా తెలిసిపోయింది. మా మొహాలు బయటికి కనబడకుండా ఏమైనా చేయగలరా?"

నా జీవితంలో ఒకరు నా దగ్గరికొచ్చి వెలుగు తగ్గించమని అడగడం అదే మొదలు. టీచర్ల కుర్చీలన్నీ పెరటి కిటికీకి వీపు పెట్టించి, లోపలి దీపాలు తగ్గించాను. కంప్యూటరు తెరవకుండానే ఆ పూట పని అయిపోయింది. మనుషుల మొహాలు మాయం చేయడంలో అప్పటికి నాకు తగినంత అనుభవం ఉంది.

టీచర్లంతా సంతోషించారు. గొణిగింది మా అక్క ఒక్కతే. ఈమధ్య తను వారానికోసారి ఆ బడికి వెళ్లి పెద్ద పిల్లలకు ప్రూఫులు దిద్దడం నేర్పుతోంది. విరామంలో స్టాఫ్‌రూములో కూర్చుంటే ఎవరేమంటున్నారో ఒక్క ముక్క తెలియడం లేదట. అందుకని అత్తగారి కబుర్లున్న టీచర్ని చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కొస్తోందట.