ఆడవాళ్ల వైపు చాప

2004లో నన్ను తణుకు ప్రాంతంలో ఒక ప్రభుత్వాసుపత్రికి హెడ్ నర్సుగా వేశారు. కౌన్సెలర్ పోస్టు ఖాళీగా ఉండడంతో హెచ్.ఐ.వి. పరీక్షా కేంద్రం కూడా నా నెత్తినే పడింది. రక్తం తీయకముందు మనిషితో మాట్లాడాలి, ఫలితం చెప్పేటప్పుడు మళ్లీ మాట్లాడాలి, విన్నది గది దాటి పోనివ్వకూడదు. పద్ధతి బాగానే ఉంది గానీ, రావాల్సిన వాళ్లు వస్తే కదా! హిజ్రాలైతే గేటు దగ్గరే ఆగిపోయేవారు. ఓపీ చీటీకి మగవాళ్ల వరుసలో నిలబడితే వెక్కిరింత, ఆడవాళ్ల వరుసలో నిలబడితే తిట్లు. వాళ్లను నచ్చజెప్పి తీసుకురావడానికి ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లలోనే ఒకరిని పనిలో పెట్టుకుంది. ఆమె పేరు శౌరమ్మ.

శౌరమ్మది క్యాథలిక్ కుటుంబం. మగపిల్లాడిగా పుట్టింది, జ్ఞానస్నానంలో శౌరి అని పేరు పెట్టారు. చీర కట్టడం మొదలుపెట్టాక ఆ పేరుకే 'అమ్మ' అని చేర్చుకుంది. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. భయపడి పారిపోబోయే వాళ్లను రెక్క పట్టుకుని నా ముందు కూర్చోబెట్టి, "సూది పోటుకి చచ్చిపోవులే, కూచో" అనేది.

మా ఇద్దరిదీ ఒకే విచారణ, అంటే ఒకే ఫాదర్ గారి కింది గుడి. నిజానికి నేనూ చాలా ఏళ్ల తర్వాత అప్పుడే గుడికి వెళ్తున్నాను. హిందువుల అబ్బాయిని రిజిస్టరు పెళ్లి చేసుకున్నానని పూర్వపు ఫాదర్ గారు నాకు సత్ప్రసాదం, అంటే పూజలో క్రీస్తు శరీరంగా పంచే అప్పం, ఇవ్వనన్నారు. ఒళ్లు మండి గుడి గుమ్మం తొక్కడం మానేశాను. కొత్తగా వచ్చిన ఫాదర్ గారు మా ఇంటికొచ్చి, మా ఆయనతో కూర్చుని కాఫీ తాగి, మా పెళ్లిని గుడి పద్ధతిలో సరిచేసి నన్ను వెనక్కి పిలిచారు.

శౌరమ్మ వాళ్లకు గుడి హాల్లో ఆరోగ్య సమావేశం పెడదామన్నది కూడా ఆయనే. విచారణ సంఘంలో రభస అయింది. సంఘం పెద్ద ఇన్నయ్య గారు చెడ్డవారు కాదు. ఎవరింట్లో చావు జరిగినా ముందు చేరేది ఆయనే. అయినా ఈ మాట వినగానే లేచి నిలబడ్డారు. "జాలి పడండి, మందులిప్పించండి, కాదన్లేదు. గుడి ఆవరణలోకి ఎందుకండి? రేపు మన పిల్లలకి సంబంధాలు వస్తాయా?" అన్నారు. ఫాదర్ గారు గొంతు పెంచకుండా సమావేశం జరిపించారు. సంఘంలో సగం మంది రాలేదు.

ఆ సమావేశం అయ్యాక శౌరమ్మ నన్ను పక్కకు పిలిచింది. వాళ్లమ్మ అన్నమ్మ గారు పోయి ఏడాది కావస్తోంది. సమాధి చేసిన రోజున శౌరమ్మ గుడి బయట మెట్ల మీదే కూర్చుండిపోయింది. ఏడాది పూజకైనా లోపల కూర్చోవాలని ఉందట. అంత నోరున్న మనిషి ఆ మాట నేల చూస్తూ అంది.

ఇక్కడే చిక్కు వచ్చింది. మా గుళ్లో బెంచీలు లేవు. చాపల మీద ఒక వైపు మగవాళ్లు, ఒక వైపు ఆడవాళ్లు కూర్చుంటారు, సత్ప్రసాదానికీ రెండు వరుసలే. శౌరమ్మ ఏ వైపు? మగవాళ్లేమో, చీర కట్టిన మనిషి మా మధ్య ఏంటన్నారు. ఆడవాళ్లు మొహాలు చూసుకున్నారు. ఫాదర్ గారు బాగా ఆలోచించి, ఎవరికీ బాధ లేకుండా రెండు వైపుల మధ్య స్తంభం పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించారు. ముందుగా ఒక ఆదివారం వచ్చి అలవాటు పడమని కబురు పెట్టారు.

శౌరమ్మ వచ్చింది. కుర్చీ చూసింది. గుమ్మంలోనే నిలబడి, బైబిల్లోంచి సువిశేషం చదవకముందే వెళ్లిపోయింది. మర్నాడు నా గదిలో కూర్చుని ఏడ్చింది. "కింద అందరూ కూచుంటే నన్ను మధ్యలో కుర్చీ ఎక్కిస్తారేంటండి? బొమ్మనా నేను? మా అమ్మ చాప మీదే కూచుందండి" అంది.

ఆ సాయంత్రమే ఫాదర్ గారి దగ్గరికి వెళ్లి కోపంగానే మాట్లాడాను. మా పరీక్షా కేంద్రంలో మొదటి నియమం ఒకటుంది: ఎదుటి మనిషికి ఏం కావాలో మనం ఊహించకూడదు, అడగాలి. మీరు అందరినీ అడిగారు, ఆమెను తప్ప అన్నాను. తర్వాత ఆయనే స్వయంగా ఆసుపత్రికి వచ్చి, శౌరమ్మను ఎక్కడ కూర్చుంటావని అడిగారు. మా అమ్మ కూర్చున్న చోట అంది శౌరమ్మ. ఆడవాళ్ల వైపు, కిటికీ దగ్గరి చాప.

పూజ రోజున తలమీద కొంగు కప్పుకుని వచ్చి అక్కడే కూర్చుంది. చుట్టూ ఉన్నవాళ్లు కొద్దికొద్దిగా జరిగారు. నేను వెళ్లి ఒక పక్క కూర్చున్నాను. రెండో పక్కన ఇన్నయ్య గారి అక్క రోసమ్మ గారు మాత్రం కదల్లేదు. ఆమెకు మోకాళ్లు అరిగిపోయాయి, కూర్చుంటే ఆసరా లేకుండా లేవలేదు. అన్నమ్మ గారు బతికున్నన్నాళ్లూ ఆవిడ భుజం పట్టుకునే లేచేది. సువిశేషానికి అందరం లేస్తుంటే రోసమ్మ గారు అలవాటుగా చెయ్యి చాపి శౌరమ్మ భుజం పట్టుకుంది. శౌరమ్మ ఆమె నడుం చుట్టూ చెయ్యి వేసి లేపింది. సత్ప్రసాదానికి కూడా ఇద్దరూ అలాగే ఆడవాళ్ల వరుసలో నడిచారు. ఫాదర్ గారు ఇద్దరికీ ఇచ్చారు. నాకు ఏడుపు ఆగలేదు.

బయట ఇన్నయ్య గారు అక్కను నిలదీశారు. "ఆడాళ్ల వైపుకొచ్చి నన్ను లేపుతావేంట్రా నువ్వు?" అందావిడ. ఆయన అలిగి కొన్ని వారాలు గుడికి రాలేదు, తర్వాత వచ్చారు. ఆయన అభిప్రాయం మారిందని నేననుకోను. సంఘంలో వాదనలు నా బదిలీ దాకా నడుస్తూనే ఉన్నాయి, శౌరమ్మ ప్రతి ఆదివారం వస్తూనే ఉంది.

ఈ ఉదంతం నుంచి నేను నేర్చుకున్నది ఒక్కటే. అందరూ ఒప్పుకునేదాకా ఆగి ఉంటే ఆ పూజ రోజు దాటిపోయేది. ఒకరు పక్కన కూర్చోవడానికి ఒప్పుకుంటే పని మొదలుపెట్టవచ్చు. ఆ తర్వాత ఏ ఊళ్లో పనిచేసినా ముందు ఆ ఒక్కరి కోసమే వెతికాను.