ఉప్పల్ చౌరస్తాలో మొయ్యలేని సంచి

2010 వేసవిలో నన్ను నాచారం యువజన శిక్షణ కేంద్రానికి కోఆర్డినేటర్‌గా వేశారు. పారిశ్రామికవాడలో మూతపడ్డ ఒక షెడ్డు మీది అంతస్తు మా ఆఫీసు. చదువు మధ్యలో మానేసి, పనికీ పోకుండా ఇంట్లోనో చౌరస్తాలోనో కాలం గడుపుతున్న పిల్లల్ని వెతికి పట్టుకోవడం, మూడు నెలలు శిక్షణ ఇవ్వడం, ఉద్యోగంలో పెట్టడం, నిలదొక్కుకునేదాకా వెంట ఉండటం మా పని. వినడానికి సుఖంగానే ఉంటుంది. మొదటి మూడూ చేయవచ్చు. ఆ చివరిదానితోనే నా రక్తపోటు పెరిగింది.

నా పైన ప్రాజెక్టు అధికారి. నా కింద ఇంటింటికీ తిరిగే మొబిలైజర్లు. వాళ్ళలో యాదమ్మ పాత ఉప్పల్ ఊరి మనిషి. ఏ ఇంట్లో ఎవరు ఎందుకు చదువు మానారో ఆమెకు తెలుసు. నరేశ్‌ను తెచ్చింది ఆమే. ఇంటర్ తప్పి మూడేళ్ళు ఖాళీగా ఉన్నాడు. వాళ్ళకు ఒకప్పుడు పొలం ఉండేది, అందులో పదిమంది కూలీలు పనిచేసేవారు. ముక్కలు ముక్కలుగా ప్లాట్లకు పోయింది. తండ్రి ఇప్పుడు ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఆ కుర్రాడిని గడప దాటించడానికి యాదమ్మకు నెలలు పట్టింది.

మాకు స్థానిక నియామకం అని ఒక నిబంధన ఉండేది. ఉద్యోగం ఇంటికి దగ్గర్లోనే చూపించాలి. బస్సు ప్రయాణాలు పడక పిల్లలు మానేస్తున్నారని ఎవరో పెద్దలు తేల్చారు. ఆ ప్రకారం నరేశ్‌ను ఉప్పల్ చౌరస్తా దగ్గరి పెద్ద కిరాణా మాల్‌లో పెట్టాం. యూనిఫాం వేసుకుని, కొన్నవాళ్ళ సంచులు వాళ్ళ బండిదాకా చేర్చడం మొదటి మెట్టు. తర్వాత బిల్లింగ్ కౌంటర్.

నాలుగో రోజున యాదమ్మ నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడింది. "మేడం, నరేశ్ డ్యూటీకి పోతలేడు. ఒక్కదినమే పోయిండట."

ఇంటికి వెళ్ళి అడుగుదామంటే అంతలోనే వాళ్ళమ్మ సత్తమ్మ ఫోను. "మేడమమ్మా, మా పోరడు మంచిగ జేస్తుండా? పొద్దుగాల్నే టిఫిన్ డబ్బ వట్టుకోని పోతుండు. పొద్దుమూకినంక ఒళ్ళు నొప్పులని పంటుండు. జర అల్కటి పని సూడుండ్రి."

మరి రోజంతా ఎక్కడ ఉంటున్నట్టు? ఆ తల్లికి నిజం చెప్పలేదు, అబద్ధమూ చెప్పలేదు. కనుక్కుంటానమ్మా అని పెట్టేశాను. అవి తెలంగాణ ఉద్యమం రోజులు. ఊళ్ళో కుర్రాళ్ళ గురించి వినకూడని వార్తలు వింటున్నాం. ఇంట్లోంచి వెళ్ళిన పిల్లవాడు చెప్పిన చోట లేడంటే మనసు మంచి ఆలోచన చేసేది కాదు. రామంతాపూర్ చెరువు గట్టు మీద షేర్ ఆటోలో పోతూ కూడా నీళ్ళవైపు చూడబుద్ధి కాలేదు నాకు.

శనివారం సమీక్ష ఉంది. వారం రోజులు పనికి రాని అభ్యర్థి ఫైలును డ్రాపౌట్‌గా మూసేయాలి. ఒకసారి మూస్తే ఆ పిల్లవాడిని పథకంలోకి మళ్ళీ తీసుకోరు. నరేశ్ రెండోసారి గడప దాటడని నాకు తెలుసు.

మర్నాడు పొద్దున్నే యాదమ్మా నేనూ ఉప్పల్ బస్టాపులో జనం వెనక నిలబడ్డాం. నరేశ్ వచ్చాడు. మాల్ ముందు నుంచి పోకుండా రోడ్డు దాటి, అవతలి పక్కన తల దించుకుని నడిచి, ఘట్‌కేసర్ బస్సెక్కాడు. మేమూ ముందు తలుపు నుంచి ఎక్కాం. "దొంగ గాదు మేడం, మొకం దాస్కుంటుండు, గంతే," అంది యాదమ్మ. నువ్వు కాసేపు ఊరుకోవమ్మా అన్నాను.

అన్నోజిగూడలో దిగాడు. హైవే పక్కన సిమెంటు, ఇనుప చువ్వలు అమ్మే దుకాణం. చొక్కా విప్పి తాడు మీద వేశాడు. బస్తా వీపు మీదికెత్తుకుని ట్రాలీ ఆటోలోకి చేర్చాడు. మళ్ళీ ఇంకోటి. భయం తీరిన మరుక్షణం నాకు కోపం ముంచుకొచ్చింది.

"ఏసీలో రెండు కేజీల సంచి మొయ్యలేనివాడివి, ఎండలో సిమెంటు మోస్తున్నావా? నీకేమైనా పిచ్చా?"

వాడు సిమెంటు చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. "మొయ్యనీకె నాకేం లేదు మేడం. మొదటి దినమే మా బక్కయ్య తాత వచ్చిండు. మా పొలంల పనిజేసిన మనిషి. నేను సంచి అందుకోంగనే గుంజుకున్నడు. 'వద్దు చిన్నపటేలా, నా సంచి నువ్వు మోసుడేంది, మీ నాయన సూస్తె ఎట్లుంటది' అనుకుంట ఆయనే మోస్కవోయిండు. అందరు సూస్తనే ఉన్నరు. ఆయన తిట్టినా మంచిగుండు."

"మరి ఇక్కడ?"

"ఇక్కడ నన్నెవ్వలెరుగరు. నేనొక హమాలీని. గంతే."

యాదమ్మ ముక్కున వేలేసుకుంది. "ఓరి నీ పటేల్గిరి పాడుగాను! భూమి వోయింది గని నీల్గుడు వోలే!" నరేశ్ నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. హమాలీ పని మా లెక్కలో ఉద్యోగం కాదు, ఆ పనిలో పై మెట్టూ లేదు. ఒక్క ఏడాది మోస్తే నడుము పోతుంది.

సమీక్షలో మా అధికారి, ఇంటి పక్కన ఉద్యోగం వదిలి పారిపోయినవాడు సోమరి కాక మరేమిటండీ అన్నారు. సోమరివాడు సిమెంటు బస్తాలు మోస్తాడా సార్, మీరొకటి ఎత్తి చూడండి అన్నాను. ఆ మాల్‌కే మెహిదీపట్నంలో ఇంకో శాఖ ఉంది, అక్కడ వాడిని ఎరిగినవాళ్ళు ఉండరు, అక్కడికి మార్పించమన్నాను. నిబంధన ఒప్పుకోదన్నారు. నిబంధన పిల్లవాడిని నిలబెట్టడానికా, మూసేయడానికా అని వాదించాను. చివరికి, వారం వారం నేనే స్వయంగా వెళ్ళి చూసిరావాలి, ఒక్కసారి వాడు కనిపించకపోయినా ఫైలు మూసేయాలి అన్న షరతు మీద వదిలారు. నన్ను అలిసిపోయేలా చేస్తే దారికొస్తానని ఆయన ఉద్దేశం. దారికి రావడం నాకు అలవాటు లేదు.

మొదటి వారం వెళ్ళాను. నాచారం నుంచి రెండు బస్సులు. లోపల అన్ని వరుసలూ తిరిగాను. నరేశ్ లేడు. తలుపు దగ్గరా లేడు, కౌంటర్ల దగ్గరా లేడు. కౌంటర్లో అమ్మాయిని అడగలేదు. అడిగితే లేడంటుందేమోనని, అక్కర్లేని సబ్బు ఒకటి చేతిలో పట్టుకుని వరుసలో నిలబడ్డాను.

"మేడం, గింత దూరం సబ్బు కోసం వచ్చిన్రా?"

వెనక నరేశ్. గోదాములో సరుకు దించి వస్తున్నాడు. ఆ పక్కనే ఒక ముసలాయన బియ్యం సంచితో అవస్థ పడుతుంటే, "ఇటియ్యి తాతా," అని అందుకుని ఆటోదాకా మోసుకెళ్ళాడు. ఆయన ఇచ్చేశాడు. వెనక్కి గుంజుకోలేదు.

ఆ పిల్లవాడు నిలబడ్డాడు. ఏడాది తిరిగేసరికి బిల్లింగ్‌కు వెళ్ళాడు. సత్తమ్మ మాత్రం నన్ను క్షమించలేదు. ఉప్పల్‌లో ఎదురైనప్పుడల్లా, "ఇంటి ముంగట దుకాణం ఇడిసిపెట్టి గంత దూరం తోలినవ్, నీకు పిల్లలు లేరామ్మా?" అనేది. జవాబు చెబితే కొడుకు దాచుకున్నది బయటపడుతుంది. నేను నోరు మూసుకుని మాట పడింది ఆవిడ ఒక్కరి దగ్గరే.

అప్పటి నుంచి నియామకానికి ముందు ప్రతి అభ్యర్థినీ ఒక మాట అడిగేదాన్ని: ఎవరి కళ్ళముందు పనిచేయడం నీకు కష్టం? కొందరు ఉప్పల్ వద్దన్నారు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన గుమాస్తా గారి అమ్మాయి, మా వీధి చివర అయితేనే నాన్న పంపుతారండీ అంది. అందరూ నిజమే చెప్పారు. ఉద్యోగం ఇంటికి దగ్గర ఉండాలా, దూరం ఉండాలా అన్నది చేరబోయే మనిషిని అడిగి తేల్చాల్సిన విషయం. అడగకుండా తేల్చిన చోట, పని మానేసినవాడిని సోమరి అనే హక్కు మాకు లేదు.