తమ్ముడి ఒంటికి తగిలిన ఐదు

తమ్ముడు పనిచేసే అణు విద్యుత్ కేంద్రంలో పైపు పగిలిందని టీవీలో చెప్పిన కొద్ది రోజులకే వాడు ఖిలా వరంగల్‌లోని మా అద్దె ఇంటికి వచ్చాడు. అమ్మ వాడిని గేటు దగ్గరే ఆపింది. పెరట్లో స్నానం చేయించింది. వరండా గోడమీద వాడికి వేరే గ్లాసు, పళ్లెం పెట్టింది. రఘునాథపల్లి పక్క ఊళ్లో మాకు కోటలాంటి గడీ ఉన్న రోజుల్లో పనివాళ్లకు అలాగే పెట్టేవారు. గడీ పోయింది, భూములు పోయాయి. ఆ అలవాటు మాత్రం అమ్మ చేతుల్లో ఉండిపోయింది.

“నన్ను జీతగాన్ని చేసినవా అమ్మా?” అన్నాడు వాడు గ్లాసు చూసి.

“జర ఊకో బిడ్డా. ఇంట్ల పసిపిల్ల ఉన్నది.”

ఆ పసిపిల్ల వాడి కూతురే. పుట్టాక ఫోన్లో చూడటమే తప్ప వాడు ఇంకా ఎత్తుకోలేదు. మరదలు కిటికీ దగ్గరికి తెచ్చి చూపిస్తే చువ్వలు పట్టుకుని చూశాడు. నేనూ లోపలికి రమ్మనలేకపోయాను.

వాడు ఛాతీకి తగిలించుకునే బ్యాడ్జీని పరీక్షించి, ఒంటికి తగిలిన రేడియేషన్ డోసు ఐదు మిల్లీసీవర్టులని చెప్పారట. జ్వరం నూటమూడంటే మాకు తెలుసు. బీపీ తెలుసు, షుగర్ తెలుసు. ఈ ఐదు ఎక్కువో తక్కువో ఎవరిని అడగాలి? వాడు అక్కడ ఇంజనీరని అమ్మ వీధంతా చెప్పుకుంది. వాడు చేసేది కాంట్రాక్టు కింద వెల్డింగ్. మా ఇంటి సంగతి పదిమంది నోళ్లలో పడటం నాకూ గిట్టదు. వరండాలో వాడు దగ్గినప్పుడల్లా లేచి కిటికీలోంచి చూడటమే నా పని అయింది.

చివరికి దవాఖానకు వెళ్లాను. ఒకప్పుడు మా తాత కోసం డాక్టర్లే గడీకి వచ్చేవారు. నేను చీటీ రాయించుకుని, లైన్లో నిటారుగా నిలబడ్డాను.

“పంపేముందు ఆయన ఒంటి లోపల, బయట మిషన్‌తోటి చూసిన్రా?” అని అడిగింది ఎక్స్‌రే విభాగం డాక్టరమ్మ.

“చూశారట. ఏమీ లేదన్నారట.”

“అట్లయితే ఒంటి మీద గాని లోపల గాని రేడియేషన్ దుమ్ము లేదు. ఐదంటే ఆయన ఒంటికి తగిలిన కిరణాల లెక్క. ఎక్స్‌రే తీసినంక కిరణాలు మనిషిల ఉంటయా? ఇదీ అంతే, ఇంకొకరికి అంటదు. కడుపుకు సీటీ స్కాన్ తీస్తే ఇంతకన్న ఎక్కువే తగుల్తది.”

“అంటే భయం లేనట్టేనా?”

“అసలే లేదని నేను చెప్ప. శాన తక్కువ. అది గూడ ఆయనకే, పాపకు కాదు.”

ఇంటికొచ్చి అంతా చెప్పాను. అమ్మ ఒళ్లో పిల్ల ఉంది. మొన్న వానాకాలం అమ్మకు కడుపు సీటీ స్కాన్ తీయించాం.

“అయితె నాకు వీనికన్న ఎక్కువ తగిలిందా?” అంది.

“తగిలే ఉంటుంది.”

అమ్మ చటుక్కున పిల్లను చాప మీద పడుకోబెట్టి దూరం జరిగింది. “ఇన్ని దినాలు నేనే ఎత్తుకుంటి గదరా!”

“ఇగ నువ్వు సుత బయటికి రా అమ్మా, నా పక్కకు కూసో,” అన్నాడు తమ్ముడు కిటికీలోంచి.

మరదలు నవ్వలేదు. పిల్లను తీసుకుని నేరుగా వరండాలోకి వెళ్లి వాడి ఒళ్లో పెట్టింది. “ఎవరో ఒకరు ఎత్తుకోవాలె గద అత్తమ్మా. నాకు అవుతల వంట పని ఉన్నది.”

వాడు పిల్లను రెండు చేతులతో పట్టుకున్నాడు. తన ఊపిరి తగలకుండా మొహం పక్కకు తిప్పుకున్నాడు. డాక్టరమ్మ చెప్పిన మాట మళ్లీ చెప్పాను. తల ఊపాడు కానీ, మొహం పిల్ల వైపు తిప్పలేదు.